కరువు త్రవ్వించిన కాలువ

మన డయోసిస్ శతాబ్ది ఉత్సవాల సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని సంపాదక వర్గంవారు కోరినప్పుడు, దేవాలయాలను గూర్చి గాని, పాఠశాలలను గూర్చి గాని, ఆసుపత్రులను గూర్చి గాని మేము వ్రాస్తామని వారు తలంచి ఉంటారు. వాటిని గూర్చి మాకంటె అనుభవజ్ఞులైన పెద్దలు ఈ సంచికలోనే వ్రాస్తున్నారు. మేము ఒక కాలువను గూర్చి వ్రాయదలచాము. శతాబ్ది సంచికలో కాలువ కథ ఏమిటని పాఠకులు నవ్వుకొన్నా సరే, ఓపికతో చదవవలసినదని మనవి.

ఆ కాలువ బకింగ్‌హాం కాలువ. చెన్నపట్టణం, అనగా నేటి చెన్నై, నడిబొడ్డున మురుగు కంపు కొడుతూ పడి ఉన్న ఆ కాలువకు మరల ప్రాణం పోయాలని ఎన్నో ఏండ్లుగా మాటలు సాగుతున్నవి. పూడిక తీయాలి, గట్లమీద నడకదారులు వేయాలి, చెట్లు నాటాలి, వీలైతే పడవలు త్రిప్పాలి, ఊరివారికి విహారస్థలంగాను పాతకాలపు జ్ఞాపకంగాను దానిని తీర్చిదిద్దాలి అని. అక్కడక్కడ పూడిక తీశారు, కంచె వేశారు, మొక్కలు నాటారు. సంతోషమే. ఏ కాలువ బాగుపడినా ఏ క్రైస్తవుడు కాదనగలడు? అయితే ‘పాతకాలపు జ్ఞాపకం’ అన్నప్పుడు అది ఎవరి జ్ఞాపకం అని అడిగేవారు కనబడరు. ఈ ప్రశ్న అడిగే హక్కు, దేశంలో అందరికంటె ఎక్కువగా, మన తీరాంధ్ర క్రైస్తవులకు ఉన్నదని మా నమ్మకం. ఎందుకో చెప్పుతాము.

ముందు కాలువ పుట్టుక. పందొమ్మిదవ శతాబ్ది తొలి ఏండ్లలో బేసిల్ కోక్రేన్ అనే దొర, కంపెనీ ప్రభుత్వంవారి అనుమతి పొంది, చెన్నపట్టణం నుండి ఎన్నూరు వరకు సుమారు 11 మైళ్ళు కాలువ త్రవ్వించాడు. 1806 నాటికి అది పూర్తి అయింది. అది ధర్మకార్యం కాదు, వ్యాపారం. తరువాత దానిని పులికాట్ సరస్సు వరకు పొడిగించారు. 1837లో ప్రభుత్వం స్వాధీనపరచుకొన్నది. ఆపైన కొంచెం కొంచెంగా ఉత్తరాన మన పెదగంజాం వరకు, దక్షిణాన మరక్కాణం వరకు సాగింది. మొత్తం పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రదేశంలోనే ఉన్నవి. అంటే పేరు ఇంగ్లండు ప్రభువుది, ప్రఖ్యాతి చెన్నపట్టణానిది అయినా, కాలువలో సగానికి మించిన భాగం మనదే.

ఇది గోదావరి, కృష్ణా కాలువలవలె పొలాలకు నీరిచ్చే మంచినీటి కాలువ కాదు. సముద్రం ఒడ్డువెంట, చాలాచోట్ల కిలోమీటరు దూరం లోపలనే, ఒడ్డుకు సమాంతరంగా పోయే ఉప్పునీటి కాలువ. సముద్రపు పోటుకు నిండుతుంది, పాటుకు తగ్గుతుంది. ఉప్పుటేరులను, కయ్యలను ఒకదానితో ఒకటి కలుపుతూ పోతుంది. నదులు అడ్డం వచ్చిన చోట్ల నీరు జారిపోకుండ లాకులు కట్టారు. పెదగంజాం వద్ద దీనికి కొమ్మమూరు కాలువ కలుస్తుంది. ఆ కాలువ మీదుగా కృష్ణకు, కృష్ణ దాటి ఏలూరు కాలువ మీదుగా గోదావరికి, అక్కడనుండి కాకినాడకు దారి. కాకినాడలో పడవ ఎక్కిన మనిషి జలమార్గాననే చెన్నపట్టణం చేరగలిగే కాలం ఒకటి ఉండేది. రైలు రాకముందు మన మిషనరీ దొరలు, సువార్తికులు, బైబిలు అమ్మేవారు తిరిగినది ఎక్కువగా ఈ కాలువలమీదనే. గెడ వేస్తూ, గాలి అనుకూలమైతే తెరచాప ఎత్తుతూ, కాకపోతే గట్టు మీద మనుష్యులు తాడు భుజాన వేసుకొని లాగుతూ పోయే పడవలవి.

ఇక కరువు సంగతి. 1876లో వర్షాలు పోయాయి. మరుసటి ఏడు కూడ పోయాయి. దక్షిణదేశంలో యాభై లక్షలకు పైగా జనం ఆ రెండేండ్లలో ఆకలికి, ఆకలి వెంట వచ్చిన కలరాకు బలి అయ్యారని చరిత్రకారుల అంచనా. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. రోడ్లు, చెరువులు, కాలువలు. 1877 ఆరంభంలో కరువు పనులను తనిఖీ చేయవచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించవలెనని, రోజంతా మట్టి మోసిన మనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించాడు. ఒక పౌను అంటే మన లెక్కలో అరకిలోకన్న తక్కువ. చెన్నపట్టణంలో ఆరోగ్యశాఖ అధికారిగా ఉన్న డాక్టర్ కార్నిష్ ఆ కూలితో కష్టం చేసే దేహం నిలువదని లెక్కలు చూపి వాదించాడు. కొన్ని నెలలకు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. ఆ కొన్ని నెలలలో పోయినవారి లెక్క ఎవరు చెప్పగలరు?

చెన్నపట్టణం లోపల కూవం నదికి, అడయారు నదికి మధ్య సుమారు 8 కిలోమీటర్ల కాలువ లేదు. దానిని 1877-78లో కరువు కూలీలచేతనే త్రవ్వించారు. చేపాకం వెనుకగా, తిరువల్లిక్కేణి, మైలాపూరుల మీదుగా పోయేది అదే. నేడు విహారస్థలంగా మార్చాలని అందరూ తలపోస్తున్న ముక్క అదే. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. 1875 నుండి 1880 వరకు ఆయన గవర్నరు. 1878లో మొత్తం కాలువకు ఆయన పేరు పెట్టారు. ఆయన దుర్మార్గుడని మేము అనము. కాని ఆయన ఒక్క తట్ట మట్టి మోయలేదు.

అదే కరువులో, అదే కాలువ పనిలో, ఒంగోలు ప్రాంతాన జరిగినది మన క్రైస్తవ చరిత్రలో పెద్ద ఘట్టం. జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు అమెరికా బాప్తిస్టు మిషనువారు. మన సంఘశాఖకు చెందినవారు కారు. అయినా ఆయన గావించిన పని ఏ ఒక్క శాఖ సొత్తూ కాదు. ఆయన 1866లో ఒంగోలు చేరారు. మిషనరీ కాకముందు అమెరికాలో ప్రభుత్వ భూముల సర్వే పని చేసినవారు. గొలుసు పట్టుట, కొలతలు వేయుట ఆయనకు తెలుసు. దైవజ్ఞానం చదివిన మావంటివారికి ఆ విద్య లేకపోవుట ఒక లోపమని ఆయన జీవితం చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

కరువు పని జరిగే చోటికి పోవుటకు మాదిగ సోదరులు జంకేవారు. అక్కడి మేస్త్రీలు పై కులాలవారు. కొలతలో మోసం, కూలిలో కోత, నీటివద్ద అంటు, మాటమాటకు తిట్టు. ఆకలితో చచ్చుట ఒక బాధ, అన్నం పెట్టే చోట అవమానం మరియొక బాధ. క్లౌ దొరగారు కాలువ ఇంజనీర్లవద్దకు వెళ్ళి, మూడున్నర మైళ్ళ కాలువ త్రవ్వకం తామే కంట్రాక్టు తీసుకొన్నారు. తమ బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. వేలాది మందికి పని దొరికింది. కులమేదైనా పని ఇచ్చారు. పగలు త్రవ్వకం, సాయంకాలం పాకలవద్ద బోధ. జనం తండోపతండాలుగా బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కొరకు వచ్చారన్న మాట పడకూడదని, కరువు పనులు సాగినన్నాళ్ళు, పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు తగ్గి, పనులు మూసి, పంచుటకు చేతిలో ఏమియు లేని కాలానికి గాని ఒప్పుకోలేదు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఖ్య మన సంఘాలలో చిన్నపిల్లలకు కూడ తెలుసు. ప్రసంగాలలో మేము కూడ చెప్పుతూ ఉంటాము. కాని వారు ఏమి త్రవ్వారో చెప్పము. ఆ నదిలో దిగినవారిలో ఎందరో అంతకు కొన్ని నెలల ముందు మట్టిలో దిగి కాలువ త్రవ్వినవారే. గుండ్లకమ్మను జ్ఞాపకం ఉంచుకొన్నాము, కాలువను మరచిపోయాము. దీనిలో మన తప్పు కూడ ఉన్నది.

మా నాయనమ్మ మాత్రం మరవలేదు. ఆమెకు ఆమె నాయనమ్మ చెప్పిన మాట ఇది. ఆమె అప్పటికి పన్నెండేండ్ల పిల్ల. తల్లితోను ఇద్దరు తమ్ముళ్ళతోను ఊరు వదలి నడిచి పని చోటికి వచ్చింది. తండ్రి దారిలోనే పోయాడు. పెద్దవాళ్ళు గోతిలో నిలబడి పారతో మట్టి తీస్తే, ఆడవారు పిల్లలు తట్టలతో గట్టుకు ఎత్తేవారు. గోయి లోతైనకొద్దీ గట్టు ఎత్తయ్యేది, ఎక్కుడు రెట్టింపయ్యేది. ఉప్పునేల గనుక ఊట నీరు ఉప్పునీరే. పాదాల పుండ్లు మానేవి కావు. తలమీద పెట్టుకొనుటకు గుడ్డపేలిక కూడ లేక తాటాకు చుట్టగా చుట్టి పెట్టుకొనేవారట. ఆ పిల్ల ముసలిదయిన తరువాత కూడ నడినెత్తిన వెంట్రుకలు రాలేదని, అక్కడ వేలు పెట్టి చూడమని మనుమరాలికి చూపేదని మా నాయనమ్మ చెప్పేది. చెప్పుతూ తన తలమీద అదే చోట వేలు పెట్టుకొనేది. తల్లి ఆ పని చోటనే కలరాతో పోయింది. ఒక తమ్ముడు బ్రతికాడు. ఆమె గుండ్లకమ్మ దగ్గరకు వెళ్ళిందో లేదో మా ఇంట ఎవరికీ తెలియదు. ఆమె పేరు కూడ తెలియదు.

కాలువ మీద పడవలు ఎనభై తొంభై ఏండ్లు జోరుగా నడిచాయి. మన తీరపు ఉప్పు, బియ్యం, ఎండుచేప, సరుగుడు కట్టెలు చెన్నపట్టణం బేసిన్ బ్రిడ్జి రేవుకు చేరేవి. చెన్నపట్టణపు పొయ్యిలు చాలాకాలం మన కట్టెలతోనే మండాయి అంటే అతిశయోక్తి కాదు. విహారం కూడ నేడు క్రొత్తగా పుట్టినది కాదు. తమిళ కవి భారతీదాసన్ ఈ కాలువ మీద పడవలో మహాబలిపురానికి వెళ్ళి, ఆ ప్రయాణం మీద కవిత వ్రాశారు. రైలు వచ్చింది, లారీలు వచ్చాయి, పడవలు తగ్గాయి. అయినా 1960-61లో సుమారు 1,200 పడవలు రెండు లక్షల టన్నులకు పైబడిన సరుకు చేరవేశాయి. 1965, 1966 తుపానులు గట్లు తెంపి పూడిక నింపిన తరువాత మరల కోలుకోలేదు. బాగు చేయుటకు ఎవరికీ శ్రద్ధ లేకపోయింది.

పట్టణంలో దాని గతి ఇంకా అన్యాయం. మురుగంతా దానిలోకి మళ్ళించారు. గట్టు మీద నిలువ నీడలేనివారు గుడిసెలు వేసుకొన్నారు. ఆపైన పట్టణ రైలు వేయుటకు చోటు కావలసి వచ్చినప్పుడు, ఎవరిని అడగనక్కరలేని చోటు అదొక్కటే కనుపించింది. కాలువ గర్భంలోనే స్తంభాలు నాటి, దానిమీద రైలుదారి వేశారు. 1995లో చేపాకం వరకు, 1997లో మైలాపూరు వరకు రైలు నడిచింది. అప్పటికే ఇరుకైన కాలువ మరింత ఇరుకైనది. రైలు మంచిదే, మేము కూడ ఎక్కాము. అయితే ఆ స్తంభాలు తీసివేయనిదే కాలువకు మునుపటి వెడల్పు రాదు. పునరుద్ధరణ మాటలాడేవారు ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి. పూర్వపు కాలువ పట్టణంలో మరల రాదు. రాగలిగినది మంచి నీరు, నడిచే గట్టు, మాత్రమే.

మేము చెన్నపట్టణంలో వేదాంత విద్య అభ్యసించే రోజులలో, ఆదివారపు సేవకై మమ్మును ఈ గట్టు మీది ఒక చిన్న తెలుగు సంఘానికి పంపారు. రేకుల కప్పు, ముప్పది గడపలు. దాదాపు అందరూ పట్టణపు వీధులు ఊడ్చేవారు, కాలువలలో దిగి పూడిక తీసేవారు. నెల్లూరు, ఒంగోలు వైపులనుండి తాతల కాలాన వెళ్ళిన కుటుంబాలు. చెన్నపట్టణపు పారిశుధ్య పనివారిలో తెలుగువారు ఎందరో పాఠకులకు తెలియనిది కాదు. పిల్లలు వీధిలో తమిళం మాట్లాడేవారు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మాత్రం తెలుగులో నోటికి వచ్చేవి. అర్థం అడిగితే సిగ్గుపడేవారు. సంఘపెద్ద ఒకాయన, పనినుండి విరమించినవాడు, ఒక ఆదివారం మమ్మును గట్టు చివరకు తీసుకొని వెళ్ళి నల్లని నీరు చూపి, “అయ్యగారూ, దీన్ని తవ్వింది మావోళ్ళే, ఊడ్చేదీ మావోళ్ళే, దీని కంపు పీల్చేదీ మావోళ్ళే” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

కొన్నేండ్లకు గట్టు ఖాళీ చేయించారు. కాలువ బాగు చేయుటకే అన్నారు. వారిని పట్టణానికి దక్షిణాన ఇరవై కిలోమీటర్లకు పైబడిన దూరాన మేడలలో పెట్టారు. నిజం చెప్పాలంటే కొందరు సంతోషించారు. వానాకాలం ఇంటిలోకి మురుగు వచ్చే బాధ పోయింది, తలుపు ఉన్న ఇల్లు వచ్చింది. కాని తెల్లవారుజామున వీధి ఊడ్వవలసిన మనిషికి ఆ దూరంనుండి బస్సు ఎక్కడ? కొందరు పని పోగొట్టుకొన్నారు. ఆడపిల్లలు ఇద్దరు బడి మానుకొన్నారని మాకు ఉత్తరం వచ్చింది. ప్రార్థన పాక పోయింది. సంఘం చెల్లాచెదరైనది. మరల వెళ్ళి చూచినప్పుడు ఆ చోట కంచె, కంచె లోపల వాడిన మొక్కలు. నీరు మాత్రం మునుపటివలెనే నల్లగా ఉన్నది. మనుష్యులను తీయుట సులభం, మురుగును తీయుట కష్టం. సులభమైన పని ముందు చేశారు.

ఇట్లు కాక మరియొక విధంగా చేయవచ్చునా? చేయవచ్చునని మాకు తెలిసినది ఒక సభకై అమెరికా వెళ్ళినప్పుడు. క్లౌ దొరగారిని పంపిన మిషను సంఘపు కార్యాలయం బోస్టన్ నగరంలో ఉండేది. బోస్టన్‌కు ఉత్తరాన పాతిక మైళ్ళ దూరాన లోవెల్ అనే పట్టణం కలదు. అక్కడ మెరిమాక్ నది జలపాతం ప్రక్కగా పడవలు పోవుటకు 1796 నాటికి పాటకెట్ కాలువ త్రవ్వారు. తరువాత నూలు మిల్లులవారు వచ్చి ఆ నీటి బలంతో మరలు త్రిప్పదలచారు. పాత కాలువ వెడల్పు చేయుటకు 1822లో హ్యూ కమిస్కీ అనే మేస్త్రీ వెంట ఐర్లాండునుండి వలస వచ్చిన కూలీలు చార్లెస్‌టౌన్‌నుండి నడిచి వచ్చారు. త్రవ్వారు. పట్టణం అంచున పాకలు వేసుకొన్నారు. వారి మతం వేరని, యాస వేరని ఊరివారు ఈసడించారు. అయినా 1831లో ఆ పాకల మధ్యనే వారికి సెయింట్ పాట్రిక్ దేవాలయం లేచింది. చదువుతూ ఉంటే మన కథయే కదా అనిపించింది.

మిల్లులు నూరేండ్లు వెలిగి, 1920 తరువాత ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కాలువలు చెత్తకుప్పలైనవి. పూడ్చి రోడ్లు వేద్దామన్నవారు అక్కడ కూడ ఉన్నారు. అయితే పాట్రిక్ మోగన్ అనే విద్యాధికారి, ఈ ఊరే మన పిల్లలకు పాఠశాల కావాలి, తమ తాతలు ఏమి చేశారో వారు ఇక్కడే చూడాలి అని పట్టుబట్టాడు. పాల్ సాంగస్ అనే ప్రజాప్రతినిధి చట్టసభలో పోరాడాడు. 1978 జూన్‌లో ఆ మిల్లులను, సుమారు ఐదున్నర మైళ్ళ కాలువలను జాతీయ చారిత్రక ఉద్యానవనంగా ప్రకటించారు. మన కరువు కాలువకు సరిగా నూరేండ్లయిన సంవత్సరం అది.

మేము అక్కడ పడవ ఎక్కాము. లాకు తలుపులు చేతితో త్రిప్పుట చూచాము. పడవలో వివరం చెప్పిన ఉద్యోగి మిల్లు యజమానుల పేర్లకంటె ముందు త్రవ్వినవారి సంగతి చెప్పాడు. ఆ మిల్లులకు వచ్చిన ప్రత్తి దక్షిణ రాష్ట్రాల బానిసలు పండించినదని కూడ దాచకుండ చెప్పాడు. ఊరి మధ్యన కాలువ త్రవ్విన కూలివాని విగ్రహం ఉన్నది. గవర్నరుది కాదు, కూలివానిది. దానిముందు చాలాసేపు నిలిచాము. వెంట ఉన్న మిత్రులు ఆలస్యమవుతున్నదని విసుగుకొన్నారు. లోవెల్‌లో అంతా బాగున్నదని మేము చెప్పము. పేదవారు అక్కడ కూడ ఉన్నారు, ఇండ్ల అద్దెలు పెరిగినవని అక్కడివారే మొరపెట్టారు. కాని చరిత్ర చెప్పే తీరు నచ్చింది.

అక్కడి మరియొక సంగతి. జేమ్స్ ఫ్రాన్సిస్ అనే ఇంజనీరు 1850లో కాలువ మొదట పెద్ద చెక్క తలుపు ఒకటి కట్టి పైకెత్తి ఉంచాడు. ఎన్నడో రాబోయే వరదకట! ఊరివారు దానిని వెర్రి అని నవ్వారు. రెండేండ్లకు వరద వచ్చింది. తలుపును పట్టి ఉంచిన ఇనుప పట్టాను ఉలితో కోసి తలుపు దించారు, ఊరు నిలిచింది. మన కాలువను కూడ పనికిరానిదని అందరూ అనుకొనేవారు. 2004 డిసెంబరు 26న, క్రిస్మసు మరునాడు, సునామీ వచ్చింది. పెదగంజాంనుండి చెన్నపట్టణం వరకు తీరం వెంట ఎన్నో చోట్ల ఆ అల కాలువలోకి దూకి, కాలువ నిండి, పది పదిహేను నిమిషాలలో నీరు మరల సముద్రానికి పోయిందని పరిశీలించినవారు వ్రాశారు. కాలువకు ఇవతలి పల్లెలలో అందువలన ఎందరో బ్రతికారు. నూట ఇరవై అయిదేండ్ల క్రితం ఆకలితో చచ్చుచు మట్టి ఎత్తినవారు, తాము ఎరుగని మునిమనుమలకు గట్టు కట్టి పోయారు.

2008లో కాకినాడ మొదలు పుదుచ్చేరి వరకు ఈ కాలువలను, కృష్ణా గోదావరుల కొన్ని భాగాలను కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ ప్రకటన పల్లెల కాలువకు. పట్టణపు ముక్కకు వేరే చికిత్స కావాలి. మా మట్టి బుర్రకు తోచినది చెప్పుతాము. ముందు మురుగు. ప్రతి గొట్టం ఎక్కడ కలుస్తున్నదో పట్టుకొని ఆపనిదే ఎన్ని మొక్కలు నాటినా వ్యర్థం. కంపు కొట్టే గట్టు మీద విహారానికి ఎవరు వస్తారు? తరువాత, గట్టు మీది బీదవారిని దాటి పోవుట కాక, వారిని కలుపుకొని చేయాలి. ఒక కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపలనే వారికి ఇల్లు చూపితే, గట్టు కాపలా, పూడిక, తోటపని వారే చేయగలరు. ఆ పని వారికి తరతరాలుగా తెలుసు. ఇక మిగిలిన పాత లాకులను పడగొట్టి సిమెంటు పోయకుండ, ఉన్నవి ఉన్నట్లు నిలబెట్టాలి. విహారం ఆ వెనుక తనంతట వస్తుంది.

నాలుగవది ఒకటి ఉన్నది, అది ప్రభుత్వానిది కాదు, మనది. నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయాన్ని చాలామంది పాస్టర్లు ప్రసంగానికి ఎన్నుకొనరు. అంతా పేర్లే. యెరూషలేము ప్రాకారంలో ఏ ముక్క ఎవరు బాగుచేశారో, ఏ గుమ్మం ఎవరు నిలిపారో వరుసగా వ్రాసి ఉన్నది. కంసాలులు, పరిమళద్రవ్యాలు చేసేవారు, ఒక అధిపతి కుమార్తెలు, అందరూ ఉన్నారు. పనికి మెడ వంచని గొప్పవారి సంగతి కూడ వదలలేదు. మేము విద్యార్థులుగా ఉన్నప్పుడు ఆ అధ్యాయం దాటి పోయేవారము. ఇప్పుడు బైబిలు మొత్తంలో అంత న్యాయమైన అధ్యాయాలు కొద్దిగానే ఉన్నవని అనిపిస్తుంది. పాడైన గోడను తిరిగి కట్టినప్పుడు, కట్టినవారి పేర్లు గోడతోపాటు నిలిచాయి.

మన కాలువకు అట్టి అధ్యాయం లేదు. కరువు పనుల లెక్కలలో తలల సంఖ్యలు ఉన్నవి, పేర్లు లేవు. అయితే పాత సంఘాలలో బాప్తిస్మపు రిజిస్టర్లు ఉన్నవి, కుటుంబాలలో చెప్పుకొనే మాటలు ఉన్నవి, సమాధి రాళ్ళు కొన్ని ఉన్నవి. గత రెండేండ్లుగా, సెలవు దొరికినప్పుడల్లా, మేము తీరపు పల్లెలలో తిరిగి, కాలువ పనిచేసినవారని ఇంటివారు చెప్పిన పేర్లు ఒక నోటుపుస్తకంలో వ్రాస్తున్నాము.

ఒక లాకువద్ద ఎనభై దాటిన వృద్ధుడు కనబడ్డాడు. పడుచువయసులో ఉప్పు పడవ లాగినవాడు. లాకు తలుపులు తుప్పు పట్టి, లోపల తుంగ పెరిగి ఉన్నది. “పడవ ఎక్కడ ఆపేవారు, తాతా?” అని అడిగితే, కర్రతో గట్టు మీద ఒక రాయి చూపించాడు. “దీనికే కట్టేవోళ్ళం అయ్యగారూ. మా తాత కట్టాడు, మా నాయన కట్టాడు, నేనూ కట్టాను.” తాత పేరు అడిగాము, చెప్పాడు. తాత తండ్రి పేరు అడిగాము. చాలాసేపు ఆలోచించి, ఇంటికి వెళ్ళి చెల్లెలిని అడిగి వస్తానని వెళ్ళాడు. గంటసేపు రాతిమీద కూర్చున్నాము. తిరిగి వచ్చి ఆ పేరు చెప్పాడు, ఆయన భార్య పేరు కూడ చెప్పాడు. ఆమె కూడ మట్టి మోసిందట.

ఇప్పటికి మా పుస్తకంలో నలభై మూడు పేర్లు ఉన్నవి. మొదటి గీత మా నాయనమ్మకు నాయనమ్మ కొరకు ఖాళీగా ఉంచాము. తమ ఇండ్లలో ఇట్టి మాటలు వినియున్నవారు, పేరు సగమే తెలిసినా సరే, తమ పాస్టరేటు గురువుగారికి చెప్పి వ్రాయించి, మాకు పంపవలసినదని కోరుచున్నాము. ఊరి పేరు, ఎవరు చెప్పగా విన్నారో ఆ పేరు కూడ వ్రాయండి.